నాన్న పేరు ఆ జాబితాలో ఉందో లేదో అని భయమేస్తోంది

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. ఆరేళ్ల క్రితం క్రీస్తును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాను. అన్నయ్య నాకంటే ముందే విశ్వాసి. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. రోజూ ఏదో ఒక వంకతో ఆయనకు సువార్త చెప్పేదాన్ని. చివరికి నేను బైబిలు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆయన టీవీ సౌండ్ పెంచేసేవారు. ఈమధ్య మా సంఘంలో దేవుని ఏర్పాటు గురించి, అంటే రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందుగా ఎంచుకున్నాడన్న బోధ గురించి వరసగా చెప్పారు. వాదనలో ఓసారి ఆ మాట నాన్న దగ్గర అనేశాను. ‘‘మీ దేవుడు నన్ను ఎంచుకోకపోతే నా తప్పేముందమ్మా?’’ అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఎంచుకుంటే ఎలాగూ వస్తారు కదా అని అప్పటి నుంచి చెప్పడమే మానేశాను. కానీ నాన్నకు గుండె ఆపరేషన్ అయ్యాక నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. అన్నయ్యేమో, ‘‘ఆయన నశిస్తే ఆ రక్తం నీ తల మీదే’’ అంటున్నాడు. నేనేం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ టీవీ సౌండ్ దగ్గరే ఆగిపోయాను. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అన్నయ్య మాట.

ఆయన చెప్పింది యెహెజ్కేలు 33వ అధ్యాయంలోని కావలివాడి సంగతి. అయితే అన్నయ్య ఎనిమిదో వచనం దగ్గర ఆగిపోయారు. తొమ్మిదో వచనం కూడా చదవమనండి. హెచ్చరిక విన్న మనిషి మనసు మార్చుకోకపోతే ఆ దోషం అతనిదే, చెప్పినవాడు తన ప్రాణం తప్పించుకున్నాడు అని ఉంది అందులో. మీరు ఆరేళ్లు చెప్పారు. మీ నాన్నగారికి సువార్త తెలియక కాదు, బాగా తెలుసు. ఆ రక్తం బరువు ఈరోజే దించేయండి. తండ్రి ప్రాణం గురించి దిగులు పడుతున్న కూతురి మీద మోపాల్సిన మాట కాదది. మీ అన్నయ్య కూడా భయంతోనే అలా అనుంటారు, ఆయన మీద కోపం పెట్టుకోకండి.

ఇక మీ మౌనం సంగతి. ‘ఎంచుకుంటే ఎలాగూ వస్తారు కదా’ అని మానేశానన్నారు. ఆ మాట మీరు నిజంగా నమ్మి ఉంటే మీకు నిద్ర పట్టేదమ్మా. నాకు అర్థమైనంతవరకు మీ నోరు మూయించింది ఆ బోధ కాదు. నాన్న అడిగిన ప్రశ్నకు మనసు నొచ్చుకుంది, మళ్లీ అడుగుతారేమోనని భయం పట్టుకుంది. ఆ భయానికి ఏర్పాటు అనే మాట ఒక దుప్పటిలా దొరికింది, కప్పేసుకున్నారు.

నిజానికి లేఖనాల్లో ఆ బోధ చేసే పని దీనికి సరిగ్గా ఎదురు. కొరింథు పట్టణంలో అపొస్తలుడైన పౌలు పరిస్థితి చూడండి. యూదుల సమాజమందిరంలో ఆయన మాట వినేవాళ్లు ఎదురు తిరిగి దూషించారు. బట్టలు దులుపుకుని బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత ఒక రాత్రి దర్శనంలో ప్రభువు, ‘‘భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము’’ అన్నాడు. ఎందుకు మాట్లాడాలో కూడా చెప్పాడు: ‘‘ఈ పట్టణములో నాకు బహు జనమున్నది.’’ ఆ జనంలో చాలామంది అప్పటికి ఇంకా నమ్మనే లేదు. వాళ్లెవరో పౌలుకు తెలియదు, పేర్లేమీ ఇవ్వలేదు. ‘నా వాళ్లున్నారు’ అన్న మాట ఒక్కటే అందింది. దాన్ని పట్టుకుని ఆయన అక్కడ ఏడాదిన్నర ఉండిపోయాడు. ‘నీ వాళ్లయితే ఎలాగూ వస్తారుగా, నేను వెళ్తాను’ అనలేదు. నీ మాట వృథా పోదు అన్న ధైర్యంగానే ఆ ఏర్పాటును తీసుకున్నాడు.

ఫిలిప్పీలో లూదియ విషయంలోనూ అంతే. ప్రభువు ఆమె హృదయం తెరిచాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఆ తెరిచిన హృదయం దేనివైపు తిరిగింది? నది ఒడ్డున కూర్చుని పౌలు చెబుతున్న మాటల వైపు. తెరిచే పని దేవుడిది, నోటితో చెప్పే పని మనిషిది. మీరు మొదట్లో ఆ రెండూ మీ చేత్తోనే చేయాలని చూశారు. ఇప్పుడు రెండూ వదిలేశారు.

మీ నాన్నగారి ప్రశ్నకు వస్తాను. ‘ఎంచుకోకపోతే నా తప్పేముంది’ అన్నది అవిశ్వాసి వెక్కిరింత అనుకోకండి. దాదాపు అదే ప్రశ్న రోమా 9:19లో ఉంది: ‘‘ఆయన ఇకను నేరము మోపనేల? ఆయన చిత్తమును ఎదిరించినవాడెవడు?’’ అంటే మీ నాన్న ఆ బోధను చాలామంది విశ్వాసులకంటే జాగ్రత్తగా విన్నారు. అక్కడ పౌలు ఇచ్చే జవాబు, మట్టి కుమ్మరిని ప్రశ్నించగలదా అని కఠినంగానే ఉంటుంది. దాన్ని మెత్తగా చేసి మీకు చెప్పలేను. కానీ ఆ అధ్యాయానికి అటూ ఇటూ ఏముందో చూడండి. ‘‘నాకు బహు దుఃఖమును, నా హృదయములో మానని వేదనయు కలవు’’ అని తన స్వజనుల కోసం ఏడుస్తూ మొదలుపెట్టాడు. పదో అధ్యాయం తెరిస్తే వాళ్ల రక్షణ కోసం ప్రార్థన. తర్వాత, ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారు అన్న ప్రశ్న. చివర్లో, ఎదురాడే ప్రజలవైపు దినమంతా చేతులు చాచిన దేవుడు. దేవుని సర్వాధికారం గురించి ఆయన రాసిన అత్యంత కఠినమైన మాటల చుట్టూ ఇంత కన్నీరుంది. కన్నీళ్లు తీసేసి ఆ బోధ ఒక్కటే వాదనలో విసిరితే అది రాయిలా తగులుతుంది. మీ నాన్నకు తగిలింది అదే.

ఆయనకు చెప్పాల్సిన జవాబు యోహాను 6:37లో ఉంది. ‘‘తండ్రి నాకు అనుగ్రహించు వారందరును నాయొద్దకు వత్తురు’’ అన్న నోటితోనే యేసు, ‘‘నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను’’ అన్నాడు. ఒకే వాక్యం. మొదటి సగం లోతు మనకు అందకపోవచ్చు. రెండో సగానికి మాత్రం గడియ లేదు. ‘నేను వస్తాను’ అన్న మనిషితో ‘నీ పేరు లేదు, వెళ్లు’ అని యేసు అన్న సందర్భం సువార్తల్లో ఒక్కటి చూపించమనండి.

ఇంకో మాట. నాన్న పేరు ఉందో లేదో అని రాత్రిళ్లు మీరు తొంగి చూడాలనుకుంటున్న ఆ జాబితాను దేవుడు ఎవరికీ చూపించలేదు. రహస్యాలు యెహోవావి, బయలుపరచినవి మనవి అని ద్వితీయోపదేశకాండం 29:29 చెబుతుంది. టీవీ సౌండ్ పెంచడం ఎంచుకోకపోవడానికి గుర్తేమీ కాదు. విశ్వాసి అయిన స్తెఫనును రాళ్లతో కొడుతున్నవాళ్ల బట్టలకు కాపలా ఉన్న సౌలును, తర్వాత పౌలు అయింది ఆయనే, ఆరోజు చూసినవాళ్లు ఏమనుకుని ఉంటారో ఆలోచించండి.

ఏర్పాటును ఎలా అర్థం చేసుకోవాలన్న దానిపై క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదని కూడా మీకు తెలియాలి. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో పెద్ద సభే జరిగింది దీనిమీద. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండు ప్రసంగికులు జార్జ్ విట్‌ఫీల్డ్, జాన్ వెస్లీ ఇదే విషయంలో గట్టిగా విభేదించారు. అయినా ఇద్దరూ ఆరుబయట నిలబడి వేలమందికి సువార్త చెప్పారు. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోతే సంతాప ప్రసంగం చేసింది వెస్లీయే. ఏర్పాటును బలంగా నమ్మిన ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్‌కు వచ్చాడు. కృష్ణపాల్ అనే వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరు 28న. మధ్యలో ఏడేళ్లు. ఏడేళ్లూ కేరీ చెబుతూనే ఉన్నాడు. మీవి ఆరేళ్లు.

ఇప్పుడు టీవీ దగ్గరికి వద్దాం. దీని గురించి నాకు సొంత అనుభవం ఉంది. మా తమ్ముడి కోసం చిన్న కాగితాల మీద వాక్యాలు రాసి వాడి చొక్కా జేబుల్లో, పర్సులో, పుస్తకాల మధ్య పెట్టేదాన్ని. రెండేళ్లు పెట్టాను. ఒకరోజు వాడు ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ కాగితాలన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటీ పారేయలేదు. ‘‘అక్కా, నువ్వు నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది? వీటితోనే మాట్లాడుతున్నావు’’ అన్నాడు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. వాడు చెప్పింది నిజం. వాడి ఉద్యోగం పోయిన సంగతి కూడా నాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. దేవుడు తెరవాల్సిన తలుపును నేను భుజంతో గుద్దుతున్నాను, తలుపవతల నా తమ్ముడు ఉన్నాడన్నది మర్చిపోయాను. వాడింకా నమ్మలేదు. కానీ ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం వాడే ఫోన్ చేస్తాడు. ఎప్పుడైనా వాడు అడిగితే నా నిరీక్షణ గురించి చెబుతాను. అడగని రోజు వాడి సంగతులు వింటాను. ఫోన్ పెట్టాక ప్రార్థన చేస్తాను.

మీరు కూడా ముందు నాన్నకు క్షమాపణ చెప్పండి. నమ్మకం గురించి కాదు, పద్ధతి గురించి. ‘‘నాన్నా, నేను మిమ్మల్ని సతాయించాను. వాదనలో ఆ మాట అని మిమ్మల్ని బాధపెట్టాను. మీరు అడిగిన ప్రశ్న మంచిది, నాకు అప్పుడు జవాబు తెలియలేదు’’ అని చెప్పండి. వెనకాలే వాక్యం తగిలించకండి. అక్కడితో ఆపేయండి. ఆయన ఏమంటే అది వినండి, ఏమీ అనకపోయినా సరే.

తర్వాత ఆయన దగ్గర ఉత్తి చేతులతో కూర్చోండి. మందులు వేళకు ఇవ్వండి, చెకప్‌కు తోడు వెళ్లండి, ఆపరేషన్ ముందు రాత్రి ఆయనకు ఏమనిపించిందో అడగండి. ఇదంతా సువార్త చెప్పడానికి వేసే ఎత్తుగడ కాకూడదు. ఎత్తుగడ అయితే ఆయన పసిగట్టేస్తారు. ఆయన మీ నాన్న, అందుకని చేయండి.

అలాగని శాశ్వతంగా నోరు కట్టేసుకోమనడం లేదు. ‘‘సాత్వికముతోను భయముతోను’’ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు పేతురు. యోహాను 6:37 మీ దగ్గర సిద్ధంగా ఉంచుకోండి. ఆయన ఆ ప్రశ్న మళ్లీ అడిగితే చెప్పండి. ఎన్నాళ్లకూ అడగకపోతే, ఒకరోజు మీరే, ‘‘నాన్నా, ఆరోజు మీరు అడిగినదానికి జవాబు దొరికింది, చెప్పనా?’’ అని అడగండి. వద్దంటే ‘సరే నాన్నా’ అని ఊరుకోండి, పక్కన నుంచి మాత్రం లేవకండి. ఆయన ఆరోగ్యం చూస్తే తొందర పుట్టడం సహజమే. కానీ యేసు పక్కనే సిలువ మీద చివరి ఘడియల్లో నమ్మిన దొంగకు ఎంత సమయం మిగిలిందో, అది ఎలా సరిపోయిందో మీకు తెలుసు.

రాత్రి నిద్ర పట్టనప్పుడు ‘నాన్న ఉన్నారా, లేరా’ అని అడగడం మానేసి, పౌలు తన వాళ్ల కోసం చేసినట్టు పేరు పెట్టి ప్రార్థన చేయండి. హృదయాలు తెరవగలవాడు కాబట్టే కదా ఆయన్ని అడుగుతున్నాం. అది ఆయన చేతిలో లేకపోతే మీ ప్రార్థనకు అర్థమే ఉండదు. ప్రార్థన చేసి పడుకోండి. పొద్దున నాన్న దగ్గరికి వెళ్లాలిగా.