పట్టికలో నిలిచి, పద్దుల్లో ఓడి

ప్రశ్న: 2023-24లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ క్లబ్ బోర్డో అక్కడి రెండో అంచె లీగ్ 2లో 12వ స్థానంలో నిలిచింది కదా. మరి నాలుగో అంచెకు ఎలా పడిపోయింది? – ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఫ్రాన్స్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక లెక్కల పరీక్ష ఉంటుంది. డీఎన్‌సీజీ అనే తనిఖీ సంస్థ క్లబ్బుల పద్దులు, వచ్చే సీజన్ బడ్జెట్ పరిశీలిస్తుంది. లోటు ఉంటే పూడ్చేదెవరు, ఆ డబ్బు ఖాతాలో పడిందా, మాటలకే పరిమితమా అన్నదే అసలు ప్రశ్న. నమ్మకం కుదరకపోతే జీతాలకు పరిమితి పెడుతుంది, కొత్త ఆటగాళ్లను కొననివ్వదు, చివరికి కింది డివిజన్‌కు దించుతుంది.

బోర్డో 2022లోనే పై అంచె లీగ్ 1 నుంచి జారింది. జారగానే టీవీ డబ్బు తగ్గిపోతుంది. ఆటగాళ్ల కాంట్రాక్టులేమో ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. చాలా క్లబ్బులు మునిగేది ఇక్కడే. వెంటనే పైకి ఎక్కేస్తామన్న ధీమాతో పాత జీతాలే మోస్తాయి. 2024 జులైలో బోర్డో క్లబ్‌ను కొనాలనుకున్నవారితో బేరం చెడింది. డీఎన్‌సీజీ బోర్డోను మూడో అంచె నాసియోనాల్‌కు దించింది. క్లబ్ కోర్టు రక్షణ కోరి, 1937 నుంచి ఉన్న ప్రొఫెషనల్ హోదా వదులుకుంది. దాంతో నాలుగో అంచె నాసియోనాల్ 2లో ఆడాల్సి వచ్చింది. ఆరుసార్లు ఛాంపియన్ అయిన క్లబ్ అది!

అప్పీలుకు దారి ఉంది, గడువే తక్కువ. 2025 జూన్‌లో లియోన్‌నూ లీగ్ 2కు దించారు. యాజమాన్య పగ్గాలు చేతులు మారాక జులైలో అప్పీలు గెలిచింది. వాదన ఎంత బాగున్నా డబ్బు కనిపించకపోతే ఫలితం ఉండదని నా అభిప్రాయం.

ప్రశ్న: డబ్బుంటే ప్రమోషన్ ఖాయమేనా? – ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: కాదు, స్టేడియమూ కావాలి. కొన్ని వందల జనాభా ఉన్న లుజెనాక్ ఊరి జట్టు 2014లో నాసియోనాల్‌లో రెండో స్థానం సాధించింది. ముందు బడ్జెట్ దగ్గర అడ్డుపడ్డారు. అది దాటితే, నిబంధనలకు తగ్గ మైదానం లేదని లీగ్ తిరస్కరించింది.

మామూలు లెక్క ఇదీ: లీగ్ 2లో మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. 3, 4, 5 స్థానాల జట్లు ప్లేఆఫ్ ఆడతాయి. అందులో గెలిచినది లీగ్ 1లో 16వ జట్టుతో తలపడుతుంది.

ప్రశ్న: మన బెంగళూరు ఎఫ్‌సీకి కింది డివిజన్‌కు పడే భయం లేదా? – ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: 2024-25 సీజన్ వరకు మన పై అంచె ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నుంచి ఏ జట్టూ కిందికి దిగలేదు. దాని కింది అంచె ఐ-లీగ్ గెలిచి పైకి వచ్చిన మొదటి జట్టు పంజాబ్ ఎఫ్‌సీ, 2023లో.