వ్రొత్స్వాఫ్ వాళ్ళకి ష్లోన్స్క్ అంటే ఎందుకంత ప్రాణం?

మీరు అడిగింది ఇది: "చదువు కోసం పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ వెళ్తున్నాను. ఆ ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్ ష్లోన్స్క్ 18 సార్లు దేశ ఛాంపియన్ అట. అంత పెద్ద క్లబ్ మధ్యలో పై లీగ్ నుంచి ఎలా మాయమైంది? ఇప్పుడున్నది ఆ పాత క్లబ్బేనా?"

పాత క్లబ్బే. నడిపే కంపెనీలు మారాయి, స్పాన్సర్లు మారారు, ఒకటికి రెండుసార్లు పై లీగ్‌లో పేరే లేకుండా పోయింది. అయినా ఆ ఊళ్ళో ఎవరినడిగినా అదే క్లబ్ అంటారు. నేను మాస్టర్స్ కోసం 2021లో అక్కడికి వెళ్ళాను. బాస్కెట్‌బాల్ మీద నాకు మొదటినుంచీ ఇష్టం, స్కూల్లో ఆడాను కూడా. వెళ్ళిన కొత్తలో హాస్టల్‌లో ఒంటరిగా ఉండలేక, చలికాలం సాయంత్రాలు ఓర్బితా అనే హాల్లో మ్యాచ్‌లకు వెళ్ళేవాడిని. నాకు తెలిసిన చరిత్రలో సగం అక్కడ పక్క సీట్లో కూర్చునే ఒక పెద్దాయన చెప్పిందే.

ఆయన మెడలో ఎప్పుడూ ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రంగుల ఊలు మఫ్లర్ ఉండేది. ఒక కొస ఊడిపోతే వేరే రంగు దారంతో కుట్టించుకున్నారు. ఉతికి ఉతికి ఎరుపు ఇటుక రంగుకి వచ్చేసింది. నా పోలిష్ అంతంత మాత్రం, ఆయనకి ఇంగ్లీషు రాదు. అందుకని హాఫ్ టైమ్‌లో ఒక కాగితం తీసి సంవత్సరాలు రాసి చూపించారు. 1965తో మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా, ఎవరినీ అడగకుండా మొత్తం 17. ఆఖరుది 2002. అప్పటికి అంతే. పద్దెనిమిదోది ఇంకా రాలేదు.

క్లబ్ సంగతి అర్థం కావాలంటే ముందు ఊరి సంగతి తెలియాలి. 1945 వరకు అది బ్రెస్లావ్ అనే జర్మన్ నగరం. యుద్ధం అయ్యాక సరిహద్దులు జరిగి పోలండ్‌కి వచ్చింది. జర్మన్లు వెళ్ళిపోయారు. ల్వూఫ్ లాంటి తూర్పు ఊళ్ళు పోగొట్టుకున్న పోలిష్ కుటుంబాలు, ఇంకా దేశం నలుమూలల వాళ్ళు వచ్చి ఆ ఇళ్ళలో దిగారు. అంటే ఊరంతా కొత్తవాళ్ళే. పెద్దాయన అమ్మానాన్నలు కూడా అలా రైల్లో వచ్చినవాళ్ళే. అలాంటి ఊళ్ళో 1948లో సైన్యం క్లబ్‌లో బాస్కెట్‌బాల్ జట్టు పెట్టారు. ష్లోన్స్క్ అంటే సైలీషియా, ఆ ప్రాంతం పేరే. కొత్తగా వచ్చినవాళ్ళందరూ కలిసి 'ఇది మనది' అనుకోగలిగిన మొదటి కొన్నిటిలో ఈ జట్టు ఒకటని నాకు గట్టిగా అనిపిస్తుంది. అక్కడ పుట్టిన పిల్లలకి తాతల ఊరు వేరే, జట్టు మాత్రం ఈ ఊరిదే.

సైన్యం క్లబ్ కావడం వల్ల ఒక లాభం ఉండేది. అప్పట్లో కుర్రాళ్ళు తప్పనిసరిగా సైన్యంలో కొంతకాలం పనిచేయాలి. బాగా ఆడేవాళ్ళకి ఆ కాలం ఇలాంటి క్లబ్‌లో గడిచిపోయేది. మన సర్వీసెస్ జట్టునో రైల్వేస్ జట్టునో తలుచుకుంటే మీకు వెంటనే అర్థమవుతుంది. అలా మంచి ఆటగాళ్ళు చేరేవారు, కొందరు అక్కడే ఉండిపోయేవారు.

మొదటి తరంలో పెద్ద పేరు మియెచిస్వాఫ్ వొపాత్కా. నాలుగు ఒలింపిక్స్ ఆడాడు, 1960 నుంచి 1972 దాకా. 1963లో యూరప్ ఛాంపియన్‌షిప్ వ్రొత్స్వాఫ్‌లోనే జరిగింది. పోలండ్ ఫైనల్ దాకా వెళ్ళి సోవియట్ యూనియన్ చేతిలో ఓడి రజతం తెచ్చుకుంది. ఆ మ్యాచ్‌లు జరిగిన హాలు మీరు తప్పక చూడాలి. మాక్స్ బెర్గ్ అనే ఆర్కిటెక్ట్ కట్టించిన, 1913లో పూర్తయిన కాంక్రీటు గుమ్మటం. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 65 మీటర్ల వెడల్పు. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నేను మొదటిసారి లోపలికి వెళ్ళి తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టేదాకా దించలేకపోయాను. ఆ యూరప్ ఛాంపియన్‌షిప్ అయిన రెండేళ్ళకి, 1965లో, క్లబ్‌కి మొదటి టైటిల్ వచ్చింది. తర్వాత వొపాత్కా ఇదే క్లబ్‌కి కోచ్ కూడా అయ్యాడు.

70ల్లో, 80ల్లో టైటిళ్ళు వస్తూ పోయాయి. అసలు స్వర్ణయుగం 90లు. 1991 నుంచి 1994 వరకు వరసగా నాలుగు, 1996లో ఒకటి, మళ్ళీ 1998 నుంచి 2002 వరకు వరసగా ఐదు. మాచెయ్ జెలిన్‌స్కీ, ఆదామ్ వుయ్‌చిక్ పేర్లు మీకు అక్కడ చాలాసార్లు వినిపిస్తాయి. వుయ్‌చిక్ పోలిష్ లీగ్‌లో 10,000 పాయింట్లు దాటిన అతికొద్దిమందిలో ఒకడు. 2017లో లుకేమియాతో పోయాడు, 47 ఏళ్ళకే. ఆయన మాట వచ్చినప్పుడు పెద్దాయన మఫ్లర్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఎలా మాయమైంది అని. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక సైన్యం డబ్బు మీద బతకడం కుదరలేదు, స్పాన్సర్లు కావలసి వచ్చింది. జట్టు పేరు ముందు వాళ్ళ పేర్లు చేరాయి: జెప్టర్ ష్లోన్స్క్, ఐడియా ష్లోన్స్క్ (మన ఐడియా కాదు, అక్కడి మొబైల్ నెట్‌వర్క్), తర్వాత డైష్‌మన్, ఎరా, ఆస్కో. డబ్బున్నప్పుడు యూరోలీగ్ (యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ) ఆడారు. 2003-04లో ఈ జట్టు నుంచే లిన్ గ్రీర్ అనే అమెరికన్ యూరోలీగ్ మొత్తంలో మ్యాచ్‌కి సగటున అత్యధిక పాయింట్లు కొట్టాడు. కానీ ఈలోగా సోపోత్ ఊరి క్లబ్ ప్రోకోమ్ అనే కంపెనీ డబ్బుతో లేచి, 2004 నుంచి వరసగా తొమ్మిది టైటిళ్ళు ఎగరేసుకుపోయింది. ఇక్కడేమో ఖజానా ఖాళీ. 2008లో డబ్బు లేక జట్టు లీగ్ నుంచి తప్పుకుంది.

అభిమానులు వదల్లేదు. కింది లీగుల్లో ఆడుకుంటూ 2013లో పైకొచ్చారు, 2014లో పోలిష్ కప్ గెలిచారు. 2016లో మళ్ళీ డబ్బు సమస్య, మళ్ళీ కిందికి. 2019లో తిరిగి వచ్చారు. కింది లీగ్ రోజుల్లో కూడా మ్యాచ్ మానలేదని పెద్దాయన చెప్పారు. స్పాన్సర్ల పేర్లు మాత్రం ఒక్కటి కూడా ఆయన నోట రాలేదు. ఏ ఏడాది గురించి చెప్పినా 'ష్లోన్స్క్' అనే అనేవారు. అందుకే నా జవాబు పాత క్లబ్బే అని.

2021-22 సీజన్ సరిగ్గా సాగక మధ్యలో కోచ్‌ని మార్చారు. వచ్చింది ఆండ్రెయ్ ఉర్లెప్, స్లొవేనియా మనిషి, ఆ ఐదు వరస టైటిళ్ళ రోజుల్లో ఇదే జట్టుని నడిపినవాడు. ట్రావిస్ ట్రైస్ అనే అమెరికన్ గార్డ్ జట్టుని భుజాన వేసుకున్నాడు. ఫైనల్లో రాజధాని జట్టు లెగియా వార్సాని ఓడించి, 20 ఏళ్ళ తర్వాత టైటిల్ తెచ్చారు. నాకు టికెట్ దొరకలేదు, రూమ్‌లో లాప్‌టాప్ ముందు చూశాను. ఆఖరి క్వార్టర్‌లో టెన్షన్ తట్టుకోలేక నిలబడే ఉన్నాను. అయిపోయాక కిటికీ తెరిస్తే వీధంతా హారన్లు.

ఆ తర్వాతి ఏడాది ఫైనల్లో ష్చెచిన్ ఊరి కింగ్ అనే జట్టు చేతిలో ఓడారు. 18 టైటిళ్ళతో ఇప్పటికీ మొదటి స్థానం ఈ క్లబ్‌దే, తర్వాత ఉన్న లెఖ్ పొజ్నాన్‌కి 11.

ఒక్క జాగ్రత్త: ఇదే పేరుతో, ఇవే రంగులతో ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది, టికెట్ కొనేటప్పుడు చూసుకోండి. మీరు సెప్టెంబరు చివర్లో దిగితే సీజన్ మొదలయ్యే వేళకి ఉంటారు. మొదటి మ్యాచ్‌కి కాస్త ముందే వెళ్ళి, పాత మఫ్లర్ వేసుకున్నవాళ్ళ పక్కన సీటు చూసుకోండి. పోలిష్ రాకపోయినా ఒక పెన్నూ కాగితం దగ్గరుంటే చాలు.