డిజైనర్ పెర్‌ఫ్యూమ్ పేరు చెప్పి పోల్చితే కేసు వేస్తారా?

ప్రశ్న: ఆక్వా డి జియోని, దాదాపు అదే వాసన వచ్చే చవక పెర్‌ఫ్యూమ్‌ని పోల్చి వీడియో పెట్టాను. బాగా చూశారు. ఇప్పుడు ఆ చవక పెర్‌ఫ్యూమ్ తయారీదారు డబ్బిస్తాను, ఇంకో వీడియో చేయమంటున్నాడు. అసలు కంపెనీ నా మీద కేసు వేస్తుందా సార్?

జవాబు: మొదటి వీడియో గురించి టెన్షన్ పడకండి. సొంత డబ్బుతో కొని, వాడి, అనిపించింది చెప్పారు. ఆ పేరు ట్రేడ్‌మార్కే, కానీ పేరెత్తకుండా దేనితో పోల్చారో ఎలా చెబుతారు? ఇలా నిజాయతీగా పోల్చడం మామూలుగా తప్పు కాదు.

ఇక వాసన. సముద్రపు గాలిలాంటి ఆ తాజాదనానికి మూలమైన కెలోన్ అనే రసాయనాన్ని ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు 1966లో కనిపెట్టారు, దాని పేటెంట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. వాసనకు కాపీరైట్ ఉందా అంటే మాత్రం కోర్టులకే ఏకాభిప్రాయం లేదు: 2006 జూన్‌లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం లేదంది, మూడు రోజులకే నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు ఉండొచ్చంది. అయినా అది తయారుచేసినవాడి తలనొప్పి, మీది కాదు.

నాకు భయం రెండో వీడియో గురించే. డబ్బు తీసుకున్నాక అది మీ అభిప్రాయం కాదు, వాళ్ల ప్రకటన. ఫలానా ఖరీదైన పెర్‌ఫ్యూమ్‌కి ఇది నకలు అని పట్టిక వేసి అమ్మడం కుదరదని, కొనేవాళ్లు మోసపోకపోయినా సరే కుదరదని, లోరియల్ వేసిన కేసులో యూరప్ కోర్టు 2009లో తేల్చింది. అమెరికాలో 1968లో షనెల్ అనే పెర్‌ఫ్యూమ్ కంపెనీ కేసులో కోర్టు, చెప్పేది నిజమైతే పేరు వాడొచ్చంది, కానీ తర్వాతి విచారణలో అసలు, నకలు రెండూ అచ్చంగా ఒకటి కావని తేలి, నకలు అమ్మినవాడు ఓడిపోయాడు. అందుకే 'సేమ్ టు సేమ్', 'నూటికి నూరు శాతం అదే' అనే మాటలు మీ నోట రానివ్వకండి. మొదటి గంటలో దగ్గరగా ఉంది, తర్వాత ఇలా మారింది, ఇంతసేపు నిలిచింది అని మీరు గమనించింది చెప్పండి చాలు. డబ్బు తీసుకున్న సంగతి వీడియో మొదట్లోనే చెప్పండి, దాచడమే చాలా దేశాల్లో విడిగా ఒక తప్పు. సీసా, పెట్టె, లోగో కూడా అసలుదాన్ని పోలి ఉంటే అసలు ఒప్పుకోకండి, అది నకిలీ సరుకు కేసులోకి లాగుతుంది.

కేసు వస్తే ఖర్చులూ నష్టపరిహారమూ తయారీదారే భరిస్తాడని ఒప్పందంలో రాయించుకోండి. రాయనంటే సంతకం పెట్టకండి.