రెండు యాక్చుయేటర్లు (కదిలించే పరికరాలు) ఒకే హెడ్‌ను కదిపేటప్పుడు పనిని ఎలా పంచాలి?
హార్డ్ డిస్క్‌లో డేటాను చదివి, రాసే హెడ్‌ను కదిపే వాయిస్ కాయిల్ మోటారు డిస్కు అంతటా తిరగగలిగినా, హెడ్‌ను మోసే చేతి కంపనాల వల్ల దాని లూప్ (స్థానాన్ని కొలిచి సరిదిద్దే నియంత్రణ వలయం) వేగాన్ని ఒక హద్దు దాటి పెంచలేము. రెండో యాక్చుయేటరైన పియెజో ముక్క (వోల్టేజీ ఇస్తే ఆకారం కొద్దిగా మారే పదార్థం) ఎంతో చురుకైనదైనా, కదిలేది మైక్రాన్ల మేరకే. అందుకే పెద్ద, నెమ్మదైన కదలికలను మోటారుకు, చిన్న, వేగవంతమైన సవరణలను పియెజోకు అప్పగిస్తారు. అసలు చిక్కు బాధ్యత చేతులు మారే పౌనఃపున్యం దగ్గరే ఉంది: అక్కడ రెండింటి స్పందనలు సమానంగా ఉంటాయి కనుక, వాటి ఫేజ్ తేడా (ఊగిసలాటలో ఒకటి మరొకదాని కంటే ఎంత వెనకబడిందో చెప్పే కోణం) 180 డిగ్రీలకు చేరువైతే అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి (రెండూ శ్రమపడతాయి, హెడ్ మాత్రం కదలదు).

పియెజో స్థానాన్ని గణిత నమూనాతో అంచనా వేసి, స్థాన దోషానికి (హెడ్ ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ మధ్య తేడాకు) కలిపి మోటారు కంట్రోలర్‌కు ఇవ్వడం నా దృష్టిలో మేలైన పద్ధతి. అప్పుడు మొత్తం సెన్సిటివిటీ (బయటి అలజడిలో ఎంత వంతు దోషంగా మిగులుతుందో చెప్పే కొలత) రెండు లూపుల సెన్సిటివిటీల లబ్ధమవుతుంది కాబట్టి వాటిని విడివిడిగా రూపొందించవచ్చు. అయితే పియెజో కదలికకున్న హద్దును ఆ నమూనాలోనూ తప్పక పెట్టాలి.