పికప్ కొనకండి, ఉన్నదాన్ని ముందు కిందకి దించండి

మీ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) రకం ఎలక్ట్రిక్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన ఆరో స్ట్రింగ్ మీద పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దాటితే ఒకే నోటులో రెండు శ్రుతులు కొట్టుకుంటున్నట్టు వినిపిస్తోందన్నారు. పికప్‌లు (స్ట్రింగ్‌ల ఊపును పట్టి ఆంప్‌కి పంపేవి) మార్చమంటున్నారు, ఏవి కొనాలి అని అడిగారు. ఏవీ కొనకండి. స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. మీ నెక్ పికప్, అంటే నెక్ వైపున్నది, స్ట్రింగ్‌లకు మరీ దగ్గరగా ఉంది. గిటార్ చూడకుండానే ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ లక్షణంతో నా దగ్గరికి వచ్చిన ప్రతి గిటారుకీ రోగం అదే.

మా పిన్ని కొడుకు కాకినాడలో చర్చిలో గిటార్ వాయిస్తాడు. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలయ్యే రోజుల్లో బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు. "అన్నయ్యా, నెక్ వంగిపోయిందట, మార్చాలంటున్నారు" అన్నాడు దిగులుగా. రిపేరు చేసేవాళ్ళు అప్పటికే డబ్బు తీసుకుని, ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి నిలవడం) కుదరడం లేదని ఆరో స్ట్రింగ్ సాడిల్‌ను (బ్రిడ్జి మీద స్ట్రింగ్ ఆనే చిన్న ముక్కను) లాగగలిగినంత వెనక్కి లాగేశారు. దాని స్ప్రింగ్ పూర్తిగా అణిగిపోయి ఉంది. నెక్ చూస్తే నిక్షేపంగా ఉంది. ఆరో స్ట్రింగ్‌ను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కితే మాత్రం నెక్ పికప్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూర్చడం కూడా కష్టమైంది. తెల్లటి ప్లాస్టిక్ కవరు మీద స్ట్రింగ్ రాసుకుని నల్లటి గీత పడింది. పదిహేనో ఫ్రెట్ వాయించమంటే శ్రుతి చూపే ట్యూనర్ ముల్లు ఒకచోట నిలవదు.

"ఎవరు లేపార్రా దీన్ని ఇంత పైకి?"

"కొన్నప్పుడే అన్నయ్యా. సౌండ్ తక్కువుందంటే షాపులోనే లేపి ఇచ్చారు."

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సౌండ్ కావాలంటే ఆంప్‌లో వాల్యూమ్ ఉంది కదా! స్ట్రాట్ రకం పికప్‌లు చాలావాటిలో ఒక్కో స్ట్రింగ్ కింద నిలబడిన కడ్డీయే అయస్కాంతం. స్ట్రింగ్ ఉక్కు. దగ్గరికి తెస్తే అది స్ట్రింగ్‌ను లాగుతుంది, స్వేచ్ఛగా ఊగనివ్వదు. లావు స్ట్రింగ్‌లో ఉక్కు ఎక్కువ కాబట్టి లాగుడూ ఎక్కువే. పై ఫ్రెట్లలో నొక్కినప్పుడు స్ట్రింగ్ ఇంకా కిందకి వస్తుంది, అందుకే మీకు పన్నెండు దాటాకే తెలుస్తోంది. హంబకర్లలో (రెండు తీగచుట్టల పికప్‌లలో) అయస్కాంతం అడుగున పట్టీలా ఉంటుంది కాబట్టి ఈ గోల తక్కువ.

పికప్‌కి రెండు వైపులా ఉన్న స్క్రూలను ఎడమకి తిప్పుతూ దించాను. ముల్లు నిలబడింది. సాడిల్ ముందుకి జరిపి ఇంటొనేషన్ మళ్ళీ సరిచేశాను. మావాడు మొదట "సౌండ్ తగ్గిపోయింది" అని గొణిగాడు. ఆంప్ కాస్త పెంచి జీ మేజర్ కొట్టమన్నాను. ఆరు స్ట్రింగ్‌లూ విడివిడిగా వినపడ్డాయి, ఇంక మాట్లాడలేదు.

కొలతలు చెప్తాను. చివరి ఫ్రెట్ నొక్కిపెట్టి, స్ట్రింగ్ అడుగు నుంచి కడ్డీ పైభాగం దాకా స్టీలు స్కేలుతో చూడండి. పాతతరం సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉండే) పికప్‌లకు ఫెండర్ చెప్పే లెక్క లావు స్ట్రింగ్ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న స్ట్రింగ్ వైపు 2. అక్కడ మొదలుపెట్టి, తర్వాత చెవిని నమ్మండి. నెక్ పికప్ దగ్గర స్ట్రింగ్ ఊపు ఎక్కువ కాబట్టి దాన్ని కిందే ఉంచాలి, బ్రిడ్జి పికప్ కొంచెం పైకి ఉండొచ్చు. స్క్రూను మరీ వదులు చేస్తే పికప్ ఊడి లోపల పడుతుంది, అప్పుడు స్ట్రింగ్‌లన్నీ తీసి పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన ప్లాస్టిక్ పలక) విప్పాలి. మూడో స్ట్రింగ్ ఒక్కటే మోత ఎక్కువైతే కంగారు పడకండి. 1954లో స్ట్రాట్ వచ్చిననాటి మూడో స్ట్రింగ్‌కి పైన తీగ చుట్టి ఉండేది, దానికోసం ఆ కడ్డీని ఎత్తుగా పెట్టారు. ఇప్పుడు వేసేది చుట్టు లేని తీగ, కడ్డీ మాత్రం చాలా పికప్‌లలో అలాగే ఉండిపోయింది.

పికప్ కదలకుండా కూర్చుందో లేదో కూడా వేలితో నొక్కి చూడండి. మావాడి మిడిల్ పికప్ ఒక పక్కకి ఒరుగుతోంది. సముద్రపు గాలికి దాని స్క్రూకి ఉన్న స్ప్రింగ్ తుప్పుపట్టి, పట్టకారుతో పట్టుకుంటే ముక్కలైంది. చాలామంది పెన్ను స్ప్రింగ్ పెట్టేస్తారు, దానికి బలం చాలదు. అక్వేరియం షాపులో దొరికే సన్నటి సిలికాన్ గొట్టం ముక్క కోసి స్క్రూకి తొడిగితే తుప్పు బెడదే లేదు. స్క్రూ పోతే మాత్రం దొరికిందల్లా బిగించకండి. అమెరికన్ పికప్‌లకు 6-32 మర (అంగుళాల కొలత), ఆసియాలో తయారైన చాలావాటికి ఎం3 (మిల్లీమీటర్ల కొలత). ఒకదాంట్లో ఇంకొకటి తోస్తే పికప్ అడుగున మర అరిగిపోతుంది.

పికప్ దించినా గుంయ్ మనే హమ్మింగ్ తగ్గదు, దానికీ పికప్‌నే తిట్టొద్దు. సింగిల్ కాయిల్‌కి కొంత హమ్ సహజం. కానీ మన హాళ్ళలో, పందిళ్ళలో ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సులకే ఆంప్‌లు తగిలిస్తున్నారు. మైకుకి పెదవి తగిలి షాక్ కొట్టిన పిల్లల్ని చూశాను. హాలు మీవాళ్ళదే అయితే ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి, పికప్ పని ఆ తర్వాతైనా చేసుకోవచ్చు.