క్లోజెట్ ఖాళీ చేసేముందు

చి॥ల॥సౌ॥ అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో డాలస్‌లో ఇల్లు మారుతున్నామని చెప్పావు. రెండు క్లోజెట్ల బట్టలూ సంచుల్లో కుక్కి ఆన్‌లైన్ కన్‌సైన్‌మెంట్‌కి, అంటే మన బట్టలు అమ్మిపెట్టి వాటా తీసుకునే కంపెనీలకు, పంపేస్తానన్నావు. ఎంత వస్తుంది పెద్దమ్మా అని అడిగావు. అది ఫోన్లో ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒకటి మనసులో గట్టిగా పెట్టుకో. నువ్వు ఎంత పోసి కొన్నావన్నది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఇవాళ దాన్ని ఇంకొకరు ఎంతకు కొంటారన్నదే లెక్క. మన ఊళ్లో పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె గుర్తుందా? చీర ఖరీదు ఎంతో అమ్మమ్మ పదిసార్లు చెప్పినా ఆమె వినేది కాదు. అంచు పట్టుకుని, వెలుగుకు పెట్టి చూసి, "దీనికి ఈ గిన్నె వస్తదమ్మా" అనేది. ఇక్కడి గోదాముల్లోనూ అదే చూపు. ఆ చూపుతో నీ బట్టలు నువ్వే ముందు చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఏది ఎక్కడికి వెళ్లాలో ఇంట్లోనే తేల్చుకో. అన్నీ ఒకే సంచిలో వేసి ఒకే చోటికి పంపడం వల్లే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

థ్రెడ్‌అప్ లాంటివాళ్ల పద్ధతి చెప్తాను. 2009లో మొదలైన కంపెనీ అది. ఆడవాళ్ల బట్టలు, పిల్లల బట్టలు ప్రధానం. మీవారి చొక్కాలు, ప్యాంట్లు అందులో వేయకు. నువ్వు సంచి పంపితే చాలు, ఫోటోలు తీయడం, ధర వేయడం, కొన్నవాళ్లకు చేర్చడం, వెనక్కొస్తే చూసుకోవడం అన్నీ వాళ్లే చేస్తారు. ఆ చాకిరీకి తగ్గట్టే వాళ్ల వాటా ఉంటుంది. పది, పదిహేను డాలర్లకు అమ్ముడయ్యే టాప్‌లో నీకొచ్చేది చాలా కొంచెం. ధర పెరిగే కొద్దీ నీ శాతం పెరుగుతుంది. పైగా సంచి విప్పి, చూసి, వేరు చేసినందుకు ఫీజు అని నీకు రావలసిన దాంట్లోంచే కోసుకుంటారు. పంపినవాటిలో చాలా భాగం అసలు తీసుకోరు కూడా. తీసుకోనివి తిరిగి కావాలంటే ముందే ఆ ఆప్షన్ ఎంచుకుని డబ్బు కట్టాలి, లేదంటే అవి నీకు రావు. అమ్ముడైనా సరే, కొన్నావిడ తిప్పి పంపే గడువు దాటాకే డబ్బు నీ ఖాతాలో కనిపిస్తుంది. ఈ ఫీజులూ శాతాలూ మారుతూనే ఉంటాయి. కాబట్టి సంచి తెప్పించుకున్న రోజున ఆ పేజీ ఓపిగ్గా చదివి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

మా న్యూజెర్సీ ఎడిసన్‌లో ఆడవాళ్లు నాతో చెప్పుకునే బాధలన్నీ దాదాపు ఇక్కడే మొదలవుతాయి. సంచి నిండా పంపాం, చేతికి కాఫీ డబ్బులే వచ్చాయి అంటారు. ఏం పంపారో అడిగితే అన్నీ ఓల్డ్ నేవీ టాపులు, మెడ సాగిన టీషర్టులు. కొత్తగానే పది డాలర్లకు దొరికే బట్టను పాతది ఎవరు కొంటారు చెప్పు? అలాంటివి నేరుగా డొనేషన్‌కి ఇచ్చెయ్. రసీదు ఇస్తారు కానీ, మీరు స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపకుండా తీసుకునే ఒకే మొత్తం తగ్గింపు) తీసుకునేవాళ్లైతే ఆ రసీదుతో ట్యాక్స్‌లో ఏమీ కలిసిరాదు. అయినా ఇవ్వు, ఎవరో ఒకరు వేసుకుంటారు.

కంపెనీకి పంపే సంచిలో నువ్వు మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కుంటావనిపించే బట్టలే ఉండాలి. ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడు. చంకల కింద రంగు మారిందా, స్వెట్టర్ మీద ఉండలు కట్టాయా, జిప్ చివరిదాకా వెళ్తోందా, జేబులో పాత టిష్యూ ఉందా. అన్నిటికంటే ముందు వాసన చూడు. ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం తల్లీ. మన అపార్ట్‌మెంట్లలో వంటగదికి, బెడ్‌రూమ్‌కి మధ్య ఉన్న దూరమెంత? ఇంగువ పోపు వేసిన రోజున క్లోజెట్ తలుపు తీసి ఉంటే ఉన్ని కోటు ఆ వాసన నెలల తరబడి పట్టుకుంటుంది. మనకు అది తెలీదు, రోజూ పీల్చేదే కాబట్టి. గోదాములో ఆ కోటు విప్పిన అమ్మాయికి మొదటి క్షణంలోనే తెలుస్తుంది, పక్కన పడేస్తుంది. కలరా ఉండలు వేసి దాచిన బట్టలదీ అంతే. ఉతికినా పోదు. రెండు మూడు రోజులు బయట గాలికి, నీడలో ఆరెయ్. ఆ తర్వాత వేరే ఇంటి మనిషి ఎవరినైనా వాసన చూడమను.

సంచి మూతి కట్టేముందు బట్టలన్నీ మంచం మీద పరిచి ఫోటోలు తియ్. లేబుల్ కనిపించేలా ఒకటి, మొత్తం కనిపించేలా ఒకటి. ఒక కంపెనీవాళ్లు నేను పంపిన ఉన్ని కోటును, ట్యాగ్ కూడా తీయని కోటును, కండిషన్ బాలేదని కొట్టేశారు. కారణం అడిగితే అచ్చువేసిన జవాబే మళ్లీ మళ్లీ వచ్చింది. ట్యాగ్‌తో సహా తీసిన ఫోటో జతచేసి మెయిల్ రాశాకే మనిషన్నవాళ్లు మాట్లాడారు, కొంత క్రెడిట్ ఇచ్చారు. ఆ ఫోటో లేకపోతే ఆ కోటు నా దగ్గర ఉండేదని కూడా రుజువు లేదు. నీకు మనసులో "ఇది పోతే బాధపడతాను" అనిపించే బట్ట ఏదైనా ఉంటే దాన్ని ఆ సంచిలో వేయనే వద్దు.

అలాంటివి నువ్వే అమ్ముకో. పాష్‌మార్క్, ఈబే, మెర్కారీ ఉన్నాయి కదా. ఇది కన్‌సైన్‌మెంట్ కాదు, నీ వస్తువు అమ్ముడయ్యేదాకా నీ ఇంట్లోనే ఉంటుంది. పాష్‌మార్క్‌లో 15 డాలర్ల లోపు అమ్మకానికి 2.95 డాలర్లు, ఆ పైన అయితే 20 శాతం తీసుకుంటారు. 2024 అక్టోబరులో ఆ లెక్క మార్చి చూశారు, అమ్మేవాళ్లంతా గొడవ చేసేసరికి కొన్ని వారాల్లోనే మళ్లీ పాత పద్ధతికి వచ్చారు. పోస్టేజీ కొన్నవాళ్లే కడతారు, లేబుల్ నీకు మెయిల్‌లో వస్తుంది. 50 డాలర్లకు అమ్మితే 40 నీకు. దానికి బదులు ఫోటోలు, ప్యాకింగ్, "పాతిక డాలర్లకిస్తావా" అనే బేరాలు నీ నెత్తిన ఉంటాయి. బేరం ఆడినవాళ్ల మీద కోపం తెచ్చుకోకు. నీకు ఎంతకు గిట్టుబాటో ముందే అనుకుని, ఆ మాటే మర్యాదగా చెప్పు.

ఫోటో పగటి వెలుగులో తియ్. చిన్న మరకైనా, ఊడిన గుండీ అయినా దానికి వేరే ఫోటో పెట్టి వివరంలో రాయి. దాచిపెడితే పాష్‌మార్క్‌లో వస్తువు చేరిన మూడు రోజుల్లో ఫిర్యాదు చేసే హక్కు వాళ్లకుంటుంది, డబ్బూ ఆగిపోతుంది, పేరూ పోతుంది. కొలతలు తప్పనిసరిగా ఇవ్వు. బట్టను నేల మీద పరిచి, ఒక చంక నుంచి ఇంకో చంకకు ఎంత, నడుము దగ్గర ఎంత, పొడుగెంత. నీ నీలం కోటు ఇప్పుడు ఎండల్లో పెట్టకు, సెప్టెంబరులో పెట్టు. చలి మొదలయ్యేముందే కోట్లు వెతుక్కుంటారు.

ఖరీదైన హ్యాండ్‌బ్యాగులకు రియల్‌రియల్ లాంటి చోట్లున్నాయి, అసలుదా నకిలీదా అని వాళ్లే పరీక్షిస్తారు. ఆ పరీక్ష మీద కూడా వివాదాలున్నాయి. నకిలీ బ్యాగులు అమ్మారంటూ 2018లో షానెల్ సంస్థ వాళ్ల మీద అమెరికా కోర్టులో దావా వేసింది, వాళ్లు ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. నీ బ్యాగు కొన్న రసీదు ఉంటే జాగ్రత్తగా పెట్టు, అది లేకుండా ఖరీదైన బ్యాగు పంపకు.

ఇక మన బట్టలు. నువ్వు అసలు అడగలేదు గానీ, నీ దగ్గర విలువైనవి ఇవే. లంగా ఓణీలు, లెహంగాలు, పిల్లల పట్టు పావడాలు అమెరికన్ కంపెనీలకు పంపితే వాటికి ధర వేయడం వాళ్లకు చేతకాదు. వీటికి మన ఆడవాళ్ల ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపులే సరైన చోటు. ఒక్క ఫంక్షన్‌కి వేసిన లెహంగా కోసం వెతుక్కునే తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇండియా నుంచి తెప్పించుకునే టైమ్ ఉండదు వాళ్లకు. మా పక్కింటావిడ కూతురి లంగా ఓణీ వారాలపాటు అమ్ముడుపోలేదు. ఫోటోలన్నీ అమ్మాయి వేసుకుని నవ్వుతున్నవే. బ్లౌజ్ తిరగేసి, లోపల రెండు వైపులా వదిలిన మార్జిన్ గుడ్డ మీద టేపు పెట్టి ఫోటో తీయించాను. లంగా నడుము దగ్గర నాడా ఎంతవరకు వదులవుతుందో, కింద ఎంత మడత కుట్టి ఉందో చూపించాం. అదే వారంలో వర్జీనియా నుంచి ఒకావిడ తీసుకుంది. కొనేవాళ్లకు కావలసింది అందం ఒక్కటే కాదు, తమ పిల్లకు పడుతుందా లేదా అన్నది. చీరైతే ఫాల్, పికో అయిందా, బ్లౌజ్ పీస్ ఉందా, ఏ సైజుకు కుట్టారో రాయి.

మీ అమ్మ ఇచ్చిన పాత కంచి చీరల జోలికి మాత్రం వెళ్లకు. పాత రోజుల జరీలో వెండి తీగ ఉండేది, దాని కోసమే ఇండియాలో పాత పట్టుచీరలు కొనేవాళ్లు తిరుగుతుంటారు. వాటి విలువ ఇక్కడ ఎవరికీ తెలీదు. అమ్మను అడక్కుండా ఒక్కటీ కదిలించకు.

గ్రూపుల్లో అమ్మేటప్పుడు డబ్బు దగ్గర గట్టిగా ఉండు. జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే పద్ధతి) డబ్బు పంపాం, మీది బిజినెస్ అకౌంట్ కాదని ఆగిపోయింది, ఇంకొంత పంపితే విడుదలవుతుంది అని బ్యాంకు పేరుతో మెయిల్ వస్తుంది. అది మోసం. నీ బ్యాంకు యాప్ తెరిచి, డబ్బు అక్కడ కనిపిస్తేనే పార్శిల్ కట్టు. కొనేటప్పుడు కూడా ముక్కూమొహం తెలియనివాళ్లకు జెల్‌లో పంపకు. వస్తువు రాకపోతే ఆ డబ్బు తిరిగి రావడం చాలా కష్టం.

నీది హెచ్-4 డిపెండెంట్ వీసా, పని చేసుకునే అనుమతి కార్డు ఈఏడీ ఇంకా రాలేదన్నావు కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. నీ సొంత వాడిన బట్టలు వదిలించుకోవడం ఒకటి, థ్రిఫ్ట్ స్టోర్లో, అంటే పాత వస్తువుల దుకాణంలో, తక్కువకు కొని లాభానికి అమ్మడం ఇంకొకటి. రెండోది వ్యాపారం. యూట్యూబ్‌లో చూసి సరదాగా మొదలుపెట్టేవాళ్లున్నారు, వాళ్ల వీసా వేరు, నీది వేరు. ఆ ఆలోచన వస్తే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడుగు. ట్యాక్స్ సంగతికొస్తే, కొన్న ధర కంటే తక్కువకు అమ్మిన సొంత బట్టల మీద పన్ను ఉండదు, ఆ నష్టాన్ని చూపించి తగ్గించుకోవడమూ కుదరదు. నీ అమ్మకాల మొత్తం చూపిస్తూ సైటువాళ్లు నీకూ, ట్యాక్స్ శాఖకూ పంపే 1099-కె ఫారం, ఫెడరల్ లెక్కలో 20,000 డాలర్లు, 200 అమ్మకాలు రెండూ దాటితేనే పంపాలి. 2025 చట్టంతో ఆ పాత పరిమితి తిరిగొచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో పరిమితి ఇంకా తక్కువ. ఫారం వచ్చినా కంగారుపడకు, నువ్వు కొన్నప్పటి రసీదులు దాచిపెట్టుకుని, ట్యాక్స్ రిటర్న్‌లో ఆ ఫారం సంగతి చూపించు.

కొనడం గురించి కూడా అడిగావు, ఆఫీసు బట్టలు కావాలని. ఒకరు విడిచిన బట్ట అని మీ అమ్మ మొహం చిట్లించవచ్చు. ఇక్కడ అందులో చిన్నతనమేమీ లేదు, చెత్తకుప్పకు పోవలసిన మంచి ఉన్ని, మంచి పట్టు నీ చేతికి వస్తోంది. సైజు నంబరు చూసి మాత్రం కొనకు. ఒకే బ్రాండులో పదేళ్ల కిందటి 6, ఇప్పటి 6 ఒకటి కావు. నీకు బాగా పట్టే కుర్తీ ఒకటి, ప్యాంటు ఒకటి పరిచి కొలిచి, ఆ అంకెలు ఫోన్లో రాసిపెట్టుకో. సైటులో కొలతలు వాటితో సరిపోలితేనే ఆర్డర్ పెట్టు. బ్రాండు పేరు చూసి కూడా మోసపోకు. ఫ్యాక్టరీ దుకాణాల కోసం విడిగా, చవగ్గా కుట్టినవి అసలు బ్రాండు పేరుతోనే కనిపిస్తుంటాయి. గ్యాప్ ఫ్యాక్టరీ లేబుల్ మీద పేరు కింద మూడు చిన్న చదరాలుంటాయి, ఫోటో పెద్దది చేసి చూడు. ఫైనల్ సేల్ అని ఉంటే తిప్పి పంపలేవు, మామూలు వాటికి కూడా తిప్పి పంపితే కోసుకునే రీస్టాకింగ్ ఫీజు ఎంత పడుతుందో చూసుకో. పార్శిల్ రాగానే ట్యాగ్ తీయకుండా వేసుకుని, చేతులు పైకెత్తి, కుర్చీలో కూర్చుని చూడు. స్వెట్టరైతే లైటుకు అడ్డం పెట్టి పురుగు కొట్టిన చిల్లులున్నాయేమో వెతుకు.

ఇల్లు మారడానికి ఇంకా టైముంది కాబట్టి ఈ శనివారం లెహంగాలతో మొదలుపెట్టు. బ్లౌజులు తిరగేసి టేపు పెట్టి తీసిన ఫోటోలు నాకు వాట్సాప్ చెయ్, ధర ఎంత పెట్టాలో చెప్తాను.

మీ పెద్దమ్మ