ఫ్లాట్ సంగతి తర్వాత, ముందు నామినీ ఎవరో చూసుకోండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. విడాకులై చాలా ఏళ్లయింది. మియాపూర్‌లో నా జీతంతో కొనుక్కున్న ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఆఫీసు అమీర్‌పేటలో. అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లింది. ‘ఒక్కదానివే అక్కడేం చేస్తావు, అది అమ్మేసి గుంటూరు వచ్చెయ్, మా పై పోర్షన్ ఖాళీగానే ఉంది’ అని అన్నయ్య పోరుతున్నాడు. ఇక్కడేమో అపార్ట్‌మెంట్ ఫారంలో భర్త పేరు దగ్గర గీత పెట్టానని సెక్రటరీగారు ఒకటే ఫోన్లు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మకండి. అన్నయ్యగారిది ప్రేమే, కాదనను. కానీ ఆ పై పోర్షన్ ఆయనది. రేపు వాళ్లబ్బాయికి పెళ్లి కుదిరితే మీ మంచం ఎక్కడ వేస్తారో ఆయనకే తెలియదు. 2017లో మెట్రో వచ్చాక మియాపూర్ నుంచి అమీర్‌పేటకు ఎవర్నీ ‘కాస్త దింపుతావా’ అని అడగక్కర్లేకుండా పోయింది. ఈ వయసులో అది తక్కువ సుఖమా? గుంటూరుకు పండక్కి వెళ్లండి, పది రోజులుండి రండి.

సెక్రటరీగారితో వాదన పెట్టుకోకండి. ఆ గడిలో ‘ఓనర్ నేనే’ అని రాసిచ్చేయండి.

మీరు అడగనిది ఒకటి నేను అడుగుతాను. మీ పీఎఫ్‌కి, ఇన్సూరెన్స్ పాలసీకి, బ్యాంకు డిపాజిట్లకి నామినీ ఎవరు? పెళ్లయిన కొత్తలో ఆయన పేరు రాసి ఉంటారు. కోర్టు విడాకులిచ్చింది కదా అని బ్యాంకువాళ్లు, ఇన్సూరెన్స్‌వాళ్లు ఆ పేరు వాళ్లంతట వాళ్లే కొట్టేయరు. మీరు వెళ్లి మార్చాలి. లేకపోతే మీ డబ్బు కోసం మీ అమ్మాయి ఆయన సంతకం అడుక్కోవాల్సి రావచ్చు. పీఎఫ్‌కైతే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఈ-నామినేషన్ చేయొచ్చు. అమ్మాయి ఆధార్, ఫొటో దగ్గర పెట్టుకోండి, చివర్లో ఆధార్ ఓటీపీతోనే సంతకం అయిపోతుంది. మిగతావాటికి బ్రాంచికి వెళ్లి ఫారం ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ‘మేం చూసుకుంటాం మేడమ్’ అంటే సరేనని వచ్చేయకండి.

ఫ్లాట్‌కి మాత్రం వీలునామా రాయండి. ‘అప్పుడే వీలునామా ఏంటి’ అంటారు మీ ఇంట్లో. అననివ్వండి. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకం పెట్టాలి, వాళ్లూ మీ ఎదుట పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తేనే మంచిది. సాక్షులుగా మీ ఈడు వాళ్లు వద్దు. ఆఫీసులో మీకంటే పదేళ్లు చిన్నవాళ్లను అడగండి, అవసరం పడితే వచ్చి చెప్పడానికి ఓపిక ఉండాలి కదా.